మా ఇంట్లో ‘ఛీ’

మొన్న ఆదోనిలో బస్సు దిగి నడుస్తుంటే ఎవరింట్లోనో శనగబేడలు, బెల్లం కలిసి ఉడుకుతున్న వాసన వచ్చింది. ఆ వాసనకు చాలామందికి పండగ గుర్తొస్తుంది. నాకు మాత్రం ఎమ్మిగనూరులో మా ఇల్లు, మగ్గం గుంతల్లోని చల్లటి మట్టి తేమ, గంజి పట్టించి వీధి పొడవునా ఆరగట్టిన నూలు పడుగులు, వాటి కింద దూరుతూ మేము ఆడిన దొంగాట, వాటన్నిటి మీదుగా ‘ఛీ’ అంటూ మా జేజి గొంతు గుర్తొస్తాయి.

ఛీత్కారమంటే తిరస్కారమని చెప్పి నిఘంటువు ఊరుకుంటుంది. మా ఇంట్లో ఆ ‘ఛీ’ పొద్దుటి నుంచి పడుకునేదాకా తిరుగుతూనే ఉండేది. పడుగు మీదికెక్కిన మేకపిల్లకూ ఛీ, విరిగిన పాలకూ ఛీ. నాన్న తల్లి అయిన జేజి, మేము అల్లరి చేస్తే, “ఛీ, దొంగమొగమా!” అని నవ్వి ఒళ్లోకి లాక్కునేది. చిన్నమ్మకు పడే ‘ఛీ’లో ఆ నవ్వు ఉండేది కాదు. కళ్లెత్తి చూడకుండా, ఈగను తోలినట్టు చెయ్యి విదిలించి అనేది.

చిన్నమ్మ అంటే మా చిన్నాన్న భార్య నాగరత్న. హొళగుంద పిల్ల, పుట్టింట్లో కన్నడం మాట్లాడేవాళ్లు. చీరలు అమ్మడానికి అటు వెళ్లిన చిన్నాన్న, చేసుకుంటే ఈమెనే అని పట్టుబట్టాడు. అప్పటికే తన తమ్ముడికి, అతని కూతురిని చేసుకుంటామని మాట ఇచ్చి ఉన్న జేజి తప్పక పెళ్లి చేసింది గానీ, తమ్ముడి ముందు తల దించుకోవలసి వచ్చిన కోపమంతా కోడలి మీద పెట్టుకుంది.

ఒక ఉగాదినాడు చిన్నమ్మ చీకటితో లేచి, పూర్ణం రుబ్బి, నూనెలో నానిన పిండిని బట్టంత పల్చగా సాగదీసి ఓళిగలు కాల్చింది. మొదటిదాని మీద నెయ్యి వేసి జేజి ముందు పెట్టింది.

“తినత్తా, ఎచ్చగుండాది.”

“ఛీ, తీస్కపో!” అని జేజి పళ్లెం నెట్టేసింది.

“నోట్లో పెట్టుకోకనే ఛీ అంటే ఎట్లమ్మా?” అన్నాడు నాన్న. చిన్నమ్మ ఆ పళ్లెం తీసుకుని వంటింట్లో గోడవైపు తిరిగి కూర్చుని, ఆగి ఆగి నములుతూ తానే తిన్నది. దగ్గరికి పోతే నా నోట్లోనూ ఒక తుంట పెట్టింది.

ఆ ఎండాకాలమే జేజికి పక్షవాతం వచ్చింది. కుడివైపు చచ్చుబడింది. మాటలన్నీ పోయి, నోట ‘ఛీ’ ఒక్కటే మిగిలింది. నీళ్లు కావాలన్నా ఛీ, పక్కకు తిప్పమన్నా ఛీ, కొడుకును పిలవాలన్నా ఛీ. నాన్నకు, అమ్మకు అర్థమయ్యేది కాదు, అడిగింది అందక జేజి కళ్లనిండా నీళ్లు పెట్టుకునేది. చిన్నమ్మకు మాత్రం తెలిసేది. ఇన్నేళ్లూ ఆ మాటే విన్నందుకేమో, గొంతు లేచిన తీరును బట్టి చెంబు అందించేది, తలగడ సర్దేది. “నీళ్లంటాండాది,” “ఎండ కొడతాందంట, తలుపు మూయండి” అని మాకు చెప్పేది. ఆమె తాగించే జావను జేజి కళ్లు మూసుకుని తాగేది.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున, జావ గిన్నె పట్టుకున్న చిన్నమ్మ మణికట్టును జేజి ఎడమచేత్తో పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు. ఎప్పుడూ లేనంత మెల్లగా ‘ఛీ’ అంది. మధ్యాహ్నానికి ప్రాణం పోయింది.

ఇప్పుడా వీధిలో పడుగులు ఆరగట్టేవాళ్లు లేరు. మా మగ్గం గుంతలు పూడ్చి బండలు పరిచారు. చిన్నాన్న పోయాక చిన్నమ్మ ఆదోనిలో కూతురి దగ్గర ఉంటోంది. మొన్న నేను వెళ్లింది ఆమెను చూడటానికే. ఎన్నాళ్లుగానో అడగాలనుకున్నది అడిగాను.

“చిన్నమ్మా, ఆపొద్దు జేజి నీ చెయ్యి పట్టుకోని ఏమనింది?”

ఆమె కిటికీ వైపు చూసింది.

“ఆయమ్మ అడిగినవన్నీ తెలిసినాయి పాపా. అదొక్కటే తెలియల్యా,” అంది. “మంచిమాటే అనిందనుకోవాలని ఉండాది. నమ్మకమే రాల్యా, ఇంతవరకూ.”