క్లర్కు చెప్పిన కాలేజీ లెక్కలు

నిన్న మధ్యాహ్నం మా కాలేజీలో అటెండరు స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో బోర్డు తుడుస్తున్నాడు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే నా దవడలు బిగుసుకున్నాయి. నలభై ఏళ్లు కావస్తోంది. అయినా ఆ వాసన వస్తే చాలు, అబూ ధాబీలో నేను చదివిన బడి, అక్కడి లైబ్రరీ మూలన స్పిరిట్ పోసి చేత్తో తిప్పే కాపీల యంత్రం, తడి ఆరని ఊదారంగు అక్షరాలు, ఆ రంగు అంటిన పద్మావతి టీచర్ వేళ్లు కళ్లముందుకొస్తాయి. వాటి వెంటే కోపమూ వస్తుంది.

పద్మావతి గారిది అమలాపురం. లెక్కల్లో ఎమ్మెస్సీ. భర్త ఒక కంపెనీలో స్టోర్ కీపరు. ఆవిడ వీసా కాగితంలో మాత్రం ‘లైబ్రరీ క్లర్కు’ అని ఉండేది. పుస్తకాలకు అట్టలు వెయ్యడం, కార్డులు టైపు చెయ్యడం ఆవిడ పని. మాది అమెరికా సిలబస్ బడి. ఆ బడి బస్సులను ఊరి శివారు ముసఫ్ఫాలోని గ్యారేజీలో మా నాన్న బాగుచేసేవాడు. ఆ పరిచయంతోనే నాకక్కడ సీటు దొరికింది. పన్నెండో తరగతిలో కొందరికి కాలేజీ స్థాయి లెక్కలు చెప్పేవారు. ఏడాది చివర అమెరికా నుంచి సీలువేసిన ప్రశ్నపత్రం వస్తుంది. మంచి మార్కులొస్తే కాలేజీలో మొదటి ఏడాది లెక్కలు చదివేసినట్టే లెక్క. దాన్నే క్రెడిట్ అనేవారు. మా క్లాసులో ఐదుగురం.

డిసెంబరు సెలవులకు వెళ్లిన మా లెక్కల మాస్టారు తిరిగి రాలేదు. ఇంకొకరు దొరికేదాకా పిల్లలు అల్లరి చెయ్యకుండా చూడమని ప్రిన్సిపాల్ పద్మావతి గారిని క్లాసులో కూర్చోబెట్టాడు. ఆవిడ కూర్చోలేదు. నేరుగా బోర్డు దగ్గరకు వెళ్లి, మాస్టారు సగంలో వదిలేసిన లెక్కను చివరిదాకా చేసి, వెనక్కి తిరిగి, “ఎవరికి అర్థం కాలేదు?” అని ఇంగ్లీషులో అడిగారు. మాకెవరికీ అర్థం కాలేదు. చెరిపేసి మళ్లీ మొదలుపెట్టారు. కొత్త మాస్టారు రానేలేదు, వెతికే తొందరా ఎవరికీ లేదు. పొద్దున క్లాసులో పాఠం, ఆ తర్వాత లైబ్రరీలో అట్టలు. రెండూ ఆవిడే.

ఆవిడ మెత్తని మనిషి కాదు. ఒకసారి నేను పుస్తకం వెనక ఉన్న జవాబు చూసి, దానికి తగ్గట్టు మధ్యలో ఏదో అల్లి చూపించాను. నోటుపుస్తకం మూసి నా చేతిలో పెట్టారు. మేమిద్దరమే ఉన్నప్పుడు తెలుగులోనే తిట్టేవారు.

“జవాబు ఎవరిక్కావాలే సుగుణా? అది వాళ్లే అచ్చేసి ఇచ్చారు కదా. నువ్వక్కడికి ఎలా వెళ్లావో చెప్పు.”

“తెలీదు టీచర్.”

“తెలీదని రాయి మరి. అబద్ధం రాస్తావేం?”

ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. కానీ ఆ తర్వాత ఎప్పుడూ జవాబు నుంచి వెనక్కి లెక్క చెయ్యలేదు.

పరీక్ష రాసేవాళ్ల జాబితా నోటీసు బోర్డు మీద పెట్టినప్పుడు నాలుగు పేర్లే ఉన్నాయి. నాది లేదు. టైపులో పోయిందేమో అనుకుని ఆఫీసుకు వెళ్లాను. పొరపాటేమీ లేదనీ, మీ నాన్నను తీసుకురమ్మనీ చెప్పారు. మర్నాడు నాన్న పనిబట్టల్లోనే పరుగున వచ్చాడు. కబురు తెలిసి పద్మావతి టీచర్ కూడా, ఎవరూ పిలవకుండానే, మా వెనకే ప్రిన్సిపాల్ గదిలోకి వచ్చారు.

ప్రిన్సిపాల్ చాలా మర్యాదగా మాట్లాడాడు. నాకు ఇప్పటికీ మండేది ఆ మర్యాదే. ఈ అమ్మాయి ఇండియాకు తిరిగిపోతుంది, తండ్రి మెకానిక్కు, అమెరికా కాలేజీల క్రెడిట్ ఈమె ఏం చేసుకుంటుంది, ఒకవేళ తప్పితే బడి పేరు పాడవుతుంది అన్నాడు. నాన్నకు ఇంగ్లీషు రాదు. ‘మెకానిక్’ అన్న మాట ఒక్కటీ అర్థమై, అదేదో మెచ్చుకోలు అనుకుని తల ఊపాడు. దాన్ని చూసి నాకు నేల చీలిపోతే బాగుండుననిపించింది.

పద్మావతి టీచర్ ఒక కుర్చీ లాగారు. “మీరు కూర్చోండి అన్నయ్యగారూ. నిలబడక్కర్లేదు” అన్నారు.

నాన్న తన బట్టల మీది, గోళ్లలోని గ్రీజు చూసుకుని కూర్చోలేదు. సంగతి ఆవిడ తెలుగులో చెప్పాక గొంతు తగ్గించి, “పోనియ్యిండ్రి మేడం. మా పిల్ల కోసం మీకెందుకు తక్రార్? ముదీర్‌కు కోపమొస్తే మీ నౌకరి పోతది” అన్నాడు. ప్రిన్సిపాల్‌ను నాన్న అక్కడి అరబ్బీ మాటతో ముదీర్ అనేవాడు.

ఆవిడ ప్రిన్సిపాల్ వైపు తిరిగి, “మీరు ఈ పిల్ల చేసిన లెక్కలు చూశారా, వాళ్ల నాన్న గోళ్లు చూశారా?” అని ఇంగ్లీషులో అడిగారు. అతను ఎర్రబడ్డాడు. “ఈమె పేరు జాబితాలో లేకపోతే రేపటి నుంచి నేను లైబ్రరీ పనే చేస్తాను. నా వీసాలో ఉన్నది అదే” అని బయటికి నడిచారు. పరీక్షకు ఆరువారాలే ఉన్నాయి. ఆ లెక్కలు చెప్పగలిగినవాళ్లు ఆ బడిలో ఇంకెవరూ లేరు. సాయంత్రానికి నా పేరు పెన్నుతో చేర్చారు.

పరీక్ష రాశాను. జులైలో ఫలితాలు వచ్చాయి. ఐదుగురమూ గట్టెక్కాం, అందరికంటే ఎక్కువ మార్కులు నావి. బడి వాళ్లు రంగుల కాగితం మీద మా ఫోటోలు వేసి పంచిపెట్టారు. కింద బోధించినవారి పేరు ఉంది. అది సైన్సు విభాగాధిపతి పేరు. ఆయన మా క్లాసు గడప తొక్కినట్టు నాకు గుర్తులేదు.

ఆ కాగితం పట్టుకుని లైబ్రరీకి పరుగెత్తాను. ఆ కుర్చీలో వేరే ఆవిడ ఉంది. సాయంత్రం నాన్నే చెప్పాడు. “వీసా కాన్సిల్ చేసిన్రట బిడ్డా. ఆమెను ఇండియాకు తోలిన్రు. ఖలాస్.” అంటూ నా మొహం చూడలేదు. నేను అన్నం పళ్లెం తోసేశాను. మొదట నాన్న మీదే అరిచాను, ఆ గదిలో ఎందుకు కూర్చోలేదని. ఆ అరుపు ఆయనకు తగలాల్సింది కాదు. తగలాల్సినవాళ్ల దాకా నా గొంతు వెళ్లదని నాకు తెలుసు.

హైదరాబాదులో డిగ్రీలో చేరినప్పుడు ఆ క్రెడిట్ కాగితం ఆఫీసులో చూపించాను. గుమాస్తా అటూ ఇటూ తిప్పి, “ఇవన్నీ ఇక్కడ నడవవమ్మా” అని వెనక్కి తోశాడు. వచ్చిన లెక్కలనే మళ్లీ ఏడాదిపాటు విన్నాను. ప్రిన్సిపాల్ మాటే నిజమైందన్న కక్షతో రోజూ క్లాసులో కూర్చున్నాను.

డిగ్రీ అయ్యాక అమలాపురం వెళ్లి ఆవిడను వెతికి పట్టుకున్నాను. ఒక చిన్న జూనియర్ కాలేజీలో పాఠం చెబుతున్నారు. గుమ్మంలో నన్ను చూసి, “క్లాసయ్యేదాకా వెనక బెంచీలో కూర్చో” అన్నారు. కూర్చున్నాను. గంట కొట్టాక మనసులో ఉన్నదంతా కక్కేశాను.

“ఆ కాగితం ఎందుకూ పనికిరాలేదు టీచర్. దానికోసం మీ ఉద్యోగం పోయింది.”

“కాగితం సంగతి అలా ఉంచు. లెక్కలు వచ్చా?”

“వచ్చు.”

“మరింకేం?”

“మీకు కోపం లేదా?”

ఆవిడ డస్టరు బల్ల మీద గట్టిగా పెట్టారు. “ఎందుకు లేదూ? చచ్చేంత ఉంది. మర్యాదగా మాట్లాడి పంపించేశారే నన్ను! పిల్లలకు ఒక్కమాట చెప్పి వెళ్తానంటే గేటు దగ్గరే ఆపేశారు. ఆ కోపం తగ్గించుకోమని మా ఇంట్లో అందరూ చెబుతారు. నేను తగ్గించుకోను. నువ్వూ తగ్గించుకోకు. కానీ పిల్లల పేపర్లు దిద్దేటప్పుడు మాత్రం దాన్ని పెన్నులోకి రానివ్వకు.”

ఆ తర్వాత ఆవిడ ఎక్కువకాలం లేరు. నేను లెక్కల లెక్చరర్‌నై ముప్ఫై ఏళ్లు దాటింది. కోపం కాస్త తగ్గించుకోమని నాకూ అందరూ చెబుతారు. వాళ్లతో వాదించను. కొత్త క్లాసులో పిల్లల పేర్లు అడుగుతాను, ఊళ్లు అడుగుతాను, వాళ్ల నాన్నలు ఏం చేస్తారని అడగను. అడ్మిషన్ల గదిలో నా పక్కన కూర్చున్నవాళ్లు ఎవరైనా ఒక పిల్లను ఆ ప్రశ్న అడిగితే, ఆమె నోరు తెరిచేలోపే నేను లేచి నిలబడతాను.