మాస్టారు ఆపిన సగం మాట

మా ఇంగ్లీషు మాస్టారు మొన్న పొద్దున్నే పోయారు. ఈ దీవిలో, బతు బస్తీలో ఆయనది మా పక్కిల్లే. కబురు వినగానే నాన్న చేతికర్ర కూడా మరిచిపోయి కుంటుకుంటూ పరుగెత్తారు.

మాస్టారిది మహా చాదస్తం. మేం వ్యాసంలో ‘సేఫ్ అండ్ సౌండ్’ అని రాస్తే చాలు, ఎర్రపెన్ను ఆగిపోయేది. “ప్రాణం దక్కడం ఒకటి, ఒళ్ళు చెక్కుచెదరకుండా ఉండడం ఇంకొకటి. రెండూ చూశావా బేటీ? చూస్తేనే రాయి” అనేవారు. మేం వెనక బెంచీలో కిసుక్కున నవ్వేవాళ్ళం.

సునామీ వచ్చేనాటికి నాన్న తాపీపని మీద కార్ నికోబార్‌లో ఉన్నారు. ఏ కబురూ లేదు. మా ఊరి ఫీనిక్స్ బే జెట్టీలో ఓడ ఆగినప్పుడల్లా అమ్మా నేనూ దిగేవాళ్ళ మొహాలు వెతుక్కునేవాళ్ళం. ఫోన్లు కలవడం లేదు. శ్రీకాకుళంలో నాయనమ్మ ఏమైపోతోందో అని అమ్మకి ఇంకో దిగులు.

ఆవిడకి టెలిగ్రాం ఇద్దామంటే ఇంగ్లీషులో ఇవ్వాలి కదా, అమ్మ జెట్టీలోనే మాస్టార్ని పట్టుకుంది. “ఆయన సేఫ్ అండ్ సౌండ్ అని రాసెయ్యండి మాస్టారూ. మా అత్త తట్టుకోలేదు.”

“చూడకుండా ఎలా రాయనమ్మా? ఇవాళ నమ్మి నాలుగు ముద్దలు తింటుంది. రేపు కాదంటే ఆవిణ్ణి ఎవరు పట్టుకుంటారు?”

“మీ చాదస్తం తగలెయ్య!” అని అమ్మ అందరి ముందూ అరిచేసింది. ఆయన తలొంచుకుని ‘వెతుకుతున్నాం’ అని మాత్రం రాశారు. ఆ క్షణాన నాకూ ఆయన్ని కొట్టాలనిపించింది.

తర్వాత వచ్చిన ఓడలోంచి నాన్నని స్ట్రెచర్ మీద దించారు. మోకాలు నుజ్జయింది, ప్రాణం ఉంది. అమ్మ ఏడుస్తూనే, “ఇప్పుడైనా రాయండి” అంది. మాస్టారు నాన్న చెయ్యి పట్టుకుని చూశారు, ‘సేఫ్’ అని రాసి ఆపేశారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు. “మిగతా సగం నువ్వు లేచి నడిచాక, భయ్యా.”

అప్పట్నించీ రోజూ సాయంత్రం మా గుమ్మం ముందు నిలబడి, “సౌండేనా?” అని అడిగేవారు. “అభీ నహీ మాస్టారూ” అనేవారు నాన్న. ఇద్దరూ నవ్వుకునేవారు. చేతికర్ర మాత్రం పోలేదు.

మొన్న మాస్టారి పాడెకి నాన్న ముందువైపు భుజం పట్టారు. “శ్మశానానికి పోయే ఆ ఎత్తు నీ కాలికి కష్టం, వదిలెయ్” అని అందరూ అన్నారు. వినలేదు. గేటు దగ్గర ఆగి, పళ్ళు బిగించి నాకేసి చూశారు.

“శ్రీకాకుళంలో బాబాయికి మెసేజ్ పెట్టమ్మా. మాస్టారు ఆపిన సగం కూడా కలిపి రెండు మాటలూ రాయి.”

ఆయన చేతికర్ర మా గుమ్మంలోనే ఆనించి ఉంది. నాన్న భుజం మార్చుకోకుండా ఎత్తెక్కుతున్నారు.