మంచం పట్టని వీధి

ముందు చప్పుడు వస్తుంది, వెనకాల మనిషి. టక్, టక్, టక్, ఆపైన సగం టక్. నాలుగో దెబ్బ తలుపు దాకా వెళ్లి, లోపల చంటిబిడ్డ నిద్రపోతోందేమోనని వెనక్కి వచ్చేస్తుంది. ఆ మూడున్నర దెబ్బలు వినగానే దిగువ వీధిలో ఎవరో ఒకరు, "లెక్కలక్క వచ్చింది, ఉన్న రోగాలన్నీ దాచెయ్యండి" అంటారు. అందరికంటే ముందు ఆవిడే నవ్వుతుంది. నవ్వితే ఆవిడకు వెక్కిళ్లు వస్తాయి. వెక్కిళ్లు వస్తే మళ్లీ నవ్వొస్తుంది. ఒక్కో గుమ్మం దాటడానికి ఆవిడకు ఎంతసేపు పడుతుందో ఏ సర్వే తేల్చలేదు.

యూనివర్సిటీ వాళ్ల పరిశోధన కోసం ఇంటింటికీ తిరిగి ప్రశ్నలడగడం ఆవిడ ఉద్యోగం. ఎవరికి జబ్బులు ఎక్కువ, ఎవరికి వైద్యం తక్కువ అన్నది ఆ పరిశోధన. ఆవిడ నింపి తెచ్చిన కాగితాలను కంప్యూటర్లోకి ఎక్కించడం నా పని. ఆ ఏడు రెండు వీధులు తీసుకున్నారు. పైన ఎగువ వీధి. నలభై మెట్లు దిగితే లెక్కలక్క సొంత వీధి, దిగువ వీధి. డాక్టరు వ్యాను ఒక్కటే, అదీ వారానికి ఒక్కరోజే. జబ్బులు ఎక్కువున్న వీధికి అది వెళ్తుంది. ఏ వీధో శుక్రవారం నాడు ప్రొఫెసరుగారు ఆసుపత్రివాళ్లకు లెక్కలతో సహా చెప్పాలి.

సోమవారానికే తేలిపోయింది. "పోయిన నెలలో ఎన్ని రోజులు మంచం పట్టారు?" అన్న ప్రశ్నకు ఎగువ వీధి సగటున ఆరు రోజులంది. దిగువ వీధిలో అరవై రెండిళ్లకూ సున్నాలే. నా తెర మీద అవి సబ్బు బుడగల్లా ఒకదాని వెంట ఒకటి లేచాయి. "ఉక్కు మనుషులు" అని ప్రొఫెసరుగారు ముచ్చటపడ్డారు. వ్యాను ఎగువ వీధికే అనుకున్నాం.

ఆ సాయంత్రం, సంతకం పెట్టించడం మరిచిన కాగితం ఒకటి పట్టుకుని లెక్కలక్క ఇస్త్రీ పెద్దమ్మ ఇంటికి వెళ్లింది. గది నిండా ఆవిరి. ఆవిరిలో ఎక్కడో పెద్దమ్మ, ఆవిడ కంటే ముందు ఆవిడ దగ్గు. అక్కడ జరిగింది లెక్కలక్క నాకు పదిసార్లు చెప్పింది, ఒక్కసారీ వెక్కిళ్లు లేకుండా చెప్పలేకపోయింది.

"పెద్దమ్మా, ఇంత దగ్గు పెట్టుకుని సున్నా రాయించావేంటి?"

"దగ్గు నిలబడే వస్తుంది కదే. దానికి మంచం దేనికి?"

"ఒక్కరోజన్నా పట్టలేదా?"

"పట్టాలంటే ముందు మంచం ఉండాలిగా పిల్లా. ఉన్నది ఈ బల్లొకటి. పగలు దీని మీద బట్టలు, రాత్రి దీని కింద నేనూ మీ పెదనాన్నా. కావాలంటే రాసుకో, బల్ల పట్టామని."

లెక్కలక్క గుమ్మంలోనే కూలబడి నవ్వింది. పెద్దమ్మ నవ్వుతూ దగ్గింది, దగ్గుతూ నవ్వింది. ఇస్త్రీపెట్టె కూడా బుస్సుమంది. ఆ నవ్వు మధ్యలోనే లెక్కలక్కకు తట్టింది. తన ఇంట్లోనూ మంచం లేదు. అరవై రెండు గుమ్మాలెక్కి, అరవై రెండు సున్నాలు చుట్టినా, ఆ సంగతి ఒక్కసారీ తోచలేదు.

కుడి మోకాలు మొరాయించే మనిషి, నలభై మెట్లూ ఒక్క ఊపున ఎక్కి, ఎగువ వీధిలో ఉన్న మా ఆఫీసులోకి వచ్చిపడింది.

"సార్, ఆ మంచం తీసేయించండి."

ప్రొఫెసరుగారు గదంతా కలయజూశారు. "ఏ మంచమమ్మా?"

"ప్రశ్నలోది. మా వీధిలో మంచాలు లేవు సార్. ఒంట్లో బాగుంటే పనికి వెళ్తాం. బాగాలేకపోయినా పనికే వెళ్తాం. ఇక మీకు తేడా ఎట్లా తెలుస్తుంది?"

ఆయన కళ్లజోడు తీసి తుడిచారు. పెట్టుకుని, మళ్లీ తీసి తుడిచారు. మధ్యలో పాత ప్రశ్న మారిస్తే లెక్క చెల్లదన్నారు. దాని కింద ఇంకొకటి చేర్చవచ్చట, కానీ రెండు వీధుల్లోనూ అడగాలట. "మూడు రోజుల్లో నూట ఇరవై ఇళ్లు. ఎవరివల్ల అవుతుందమ్మా?"

"తలుపుకు మూడున్నర దెబ్బలు సార్. ఎంతసేపు?"

కొత్త ప్రశ్న ఆవిడ నోటి మాటే. పోయిన నెలలో ఒంట్లో బాగాలేకపోయినా పనికి వెళ్లిన రోజులెన్ని?

ఆ మూడు రోజులూ రెండు వీధులకూ గుండె ఒక్కటే అయినట్టు, ఎక్కడ విన్నా టక్ టక్. ఎగువ వీధిలో ఒక తాతగారు అడ్డం పడ్డారు.

"నాకు పనేం లేదమ్మాయ్. పేపరు చదవడం లెక్కలోకి వస్తుందా?"

"కళ్లు మండినా చదివారా తాతగారూ?"

"రోజూ."

"అయితే అది పని కాదు, మొండితనం. దానికి నా దగ్గర గడి లేదు."

దిగువ వీధిలో మూటలు మోసే ఆయన రోజులు లెక్కపెడుతూ వేళ్లు చాలక భార్య చేతులు అడిగాడు. "నా వేళ్లు నా లెక్కకే చాలట్లేదు, వెళ్లవయ్యా" అందావిడ.

గురువారం పొద్దుపోయేలోగా కాగితాలన్నీ నా బల్ల మీదికి చేరాయి. ఎగువ వీధి రెండు రోజులు. దిగువ వీధి పంతొమ్మిది. తెర మీద ఒక్కో సున్నా పక్కన ఒక్కో పెద్ద అంకె వచ్చి నిలబడుతుంటే, బుడగలన్నీ పగిలి లోపలి మనుషులు బయటికి వచ్చినట్టుంది. శుక్రవారం ప్రొఫెసరుగారు రెండు అంకెలూ చెప్పారు. మంచం కథ కూడా చెప్పారు. వ్యాను దారి మారింది.

తర్వాతి బుధవారం అది మెట్ల కింద ఆగింది. వరసలో మొదట ఇస్త్రీ పెద్దమ్మ, బడిలో ఫస్టు వచ్చిన పిల్లలా దగ్గుతూ. నేను ఒక ఖాళీ కాగితం పట్టుకుని వెళ్లాను. సర్వే చేసేవాళ్లు తమ ఇంటి లెక్క తాము రాసుకోకూడదు. అందుకే అరవై మూడో ఇల్లు అలా మిగిలిపోయింది. లెక్కలక్క వరస చివర, ఎడమకాలి మీద బరువంతా వేసి, మెట్ల కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది. పాత ప్రశ్న అడిగాను. సున్నా అంది. వరస జరుగుతుంటే ఆవిడతోపాటు జరుగుతూ, కొత్త ప్రశ్న కూడా అడిగాను.

"నాకేమండీ, ఉక్కులా ఉన్నా..." అంటూ ఆగిపోయింది. వెక్కిలి వచ్చింది. "కాదులెండి. ముప్ఫై రాసుకోండి. పోయిన నెలకు ముప్ఫై ఒకటి ఉంటే అదీ వేసుకోండి. కాస్త పక్కకు జరగండి మరి, నా వంతు వచ్చింది."