తొలి బుట్టెడు

గోతం ఎత్తగానే తిప్పమ్మకు అనుమానం వచ్చింది. మూడు బుట్టల చెనక్కాయలు నెత్తికెత్తుకుంటే మెడ కుంగాలి. ఇది దూదిమూటలా లేచింది. రైతు శ్రీరంగప్ప కళ్ళంలోనే దించి, మూతి విప్పి, చెయ్యి అడుగుదాకా దూర్చింది. పైన నాలుగు పిడికిళ్ళు గట్టికాయలు. కిందంతా తాలు. నొక్కితే పుటుక్కుమనే లొట్టలు.

తిప్పమ్మ ఎరుకల మనిషి. బెళుగుప్ప పక్కనున్న ఆ ఊరి రైతులకు ఈతబరికెల బుట్టలు అల్లేది ఆ ఇల్లే. బుట్టకు ధర లేదు. కొత్త బుట్టలో పట్టిన తొలి బుట్టెడు గింజలు అల్లినవాళ్ళవి, తర్వాత బుట్ట రైతుది. వాన రాని ఏడు బుట్ట ఊరికే ఇచ్చి, పండిన ఏడు చూసుకునేవాళ్ళు. అయితే తొలి బుట్టెడు కొలిచి పోసేదాకా అంచు కట్టరు. నిలువు బరికెలు పైకి పొడుచుకొనే ఉంటాయి. గింజలు చేతికొచ్చాకే వాటిని వంచి బిగిస్తారు. తిప్పమ్మ అత్త చచ్చేదాకా ఆ కట్టుబాటు తప్పలేదు.

తిప్పమ్మ తప్పింది. పొద్దున శ్రీరంగప్ప పెండ్లాం సుబ్బరత్నమ్మ, "కూలోళ్ళకు బరికెలు గీసుకుంటాయి, అంచు కట్టియ్యి తల్లీ. సాయంత్రానికి నీ కాయలు గోతానికి పోయించి పెడతాం" అంటే మెత్తబడి కట్టేసింది. ఆ తల్లీ అన్న మాటకే. ఇప్పుడు తలచుకుంటే తన మీద తనకే ఒళ్ళు మండింది. ఈ కాయలు కొన్ని నూనెకు ఆడించుకొని, మిగతావి కొర్రలకు మార్చుకుంటేనే ఇంట్లో ఎండాకాలం గడిచేది.

"ఏంది సామీ ఇది?"

శ్రీరంగప్ప మంచం మీంచి లేవలేదు. "ఏముండాది? బుట్టల నిండా పోయించినా గదా."

"తాలు పోయించినావు."

"కరువు సీమలో తాలు గూడా పంటేనే. మేము తినేదీ అదే."

"అట్లయితే ఆ రాశి నాకిచ్చి, ఈ గోతం నువ్వు తిను."

పీకిన చెనక్కాయ చెట్ల నుంచి కాయలు తెంపుతున్న ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. శ్రీరంగప్ప ముఖం మాడింది.

"నోరు పెద్దదైంది నీకు. సంతలో ప్లాస్టిక్ టబ్బులు గుట్టలుగా ఉండాయి. పాత మర్యాదకొద్దీ నీ బుట్టలు తీసుకున్నా. అంచు పడినాక బుట్ట నాది. మీ కట్టుబాటే గదా అది?"

"బాగా గుర్తుండాదే నీకు! సగమే గుర్తుండాది." తిప్పమ్మ రాశి వైపు చెయ్యి చూపింది. "పంట లేనప్పుడు మీ నాయన మా అత్త దగ్గర ఊరికే బుట్టలు తీసుకున్నాడు. పండినప్పుడు రాశి నడుమ ముంచి పోసినాడు. నువ్వు రాశి చుట్టూ ఊడ్చి పోసినావు."

నడుముకు దోపుకున్న బరికెలు చీల్చే కత్తి తీసింది. కాయలతో నిండిన బుట్ట ఒకటి దగ్గరికి లాక్కొని, అంచు చుట్టూ కట్టు కోసింది.

"ఏయ్! నా బుట్ట!" శ్రీరంగప్ప లేచి నిలబడ్డాడు.

"బుట్ట నీదే, పెట్టుకో. నేను కట్టిన అంచు నేను విప్పుకుంటాండా."

మిగిలిన రెండింటికీ అదే చేసింది. కత్తి చేతిలో ఉండగా ఎవరూ దగ్గరికి రాలేదు. ఒక కూలీ బుట్ట ఎత్తబోతే అల్లిక సడలి కాయలు జలజల రాలాయి. తిప్పమ్మ గోతంలోని తాలంతా మంచం కాళ్ళ దగ్గర కుమ్మరించి, ఉత్త గోతం దులిపి చంకన పెట్టుకుంది.

బాటలో పుల్లన్న వెనకనుంచి ఉరికి వచ్చాడు. అతనికీ చిన్న చేను ఉంది. అది చాలక శ్రీరంగప్ప దగ్గర కూలికి పోతాడు.

"అక్కా, నా కళ్ళానికి రెండు బుట్టలు కావాల."

"తాలు పోసేటప్పుడు నువ్వు ఆడనే ఉంటివి గదా?"

పుల్లన్న తల వంచుకున్నాడు. "నా చేతనే పోయించినాడక్కా."

తిప్పమ్మ అతన్ని కిందికీ మీదికీ చూసింది.

"అల్లుతా. అదే చేత్తో నా కండ్ల ముందర కొలువు, రాశి నడుమ కాయలు. అప్పుడే అంచు."

అతని జవాబు కోసం ఆగకుండా నడిచింది. కత్తి ఇంకా నడుముకు దోపుకోలేదు.