ఆపా మోసిన తీపి నీళ్లు

మొన్న పంటి డాక్టరు గదిలో లవంగ నూనె వాసన తగలగానే హమీదా ఆపా గుర్తొచ్చింది. దూదిని ఆ నూనెలో ముంచి చిగుళ్లకు అద్దుకునేది. నల్లగొండ పక్క పల్లె బడిలో నేను కొత్తగా చేరినప్పుడు ఆమె అక్కడ పెద్ద టీచరు. ఊరందరికీ ఆపానే, అంటే అక్కే. పాఠం చెప్పడం నాకు ట్రైనింగులో రాలేదు, ఆమె దగ్గరే వచ్చింది. "ముందుగాల బుక్కులు మూయించు సుజాతా. నువ్వు సదువు, వాళ్లు వింటరు. పాఠం మతలబు తర్వాత చెప్పొచ్చు" అనేది.

అంత బాగా చదివే మనిషి నడివయసు రాకముందే పళ్లు కదిలి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మాట్లాడేది. మా వైపు పళ్లకు ఏం జరిగినా నేరం నీళ్లదే. బోరింగు నీళ్ల ఫ్లోరైడుతో సగం ఊరి పళ్లు గార పట్టి ఉండేవి మరి. ఆపా చిగుళ్ల వాపునూ అందరం ఆ ఖాతాలోనే వేశాం, దవాఖాన డాక్టరుతో సహా. అందుకే కూతురు ముంతాజ్ పుట్టినప్పటి నుంచి ఊరవతలి తీపి నీళ్ల బావి నుంచి రోజూ తానే బిందె మోసుకొచ్చేది. ఆ నీళ్లు ఇంకెవరూ ముట్టకూడదు. "రాణిగారి నీళ్లు వచ్చినయా ఆపా?" అని ఆటపట్టిస్తే, "దాని పళ్లు జూసి మాట్లాడు" అనేది గొప్పగా. నిజమే, ఒక్క మచ్చ లేదు.

పదహారేళ్లకు ముంతాజ్ చిగుళ్ల నుంచి రక్తం రావడం మొదలైంది. ఆపా భయపడి బ్రష్ మాన్పించింది. ఏడాది తిరక్కుండానే ముందు పళ్లు రెండు కదిలాయి. హైదరాబాదుకు నేనూ తోడు వెళ్లాను. ఎక్స్‌రే చూసి డాక్టరమ్మ ఆపాను అడిగింది. "మీ అమ్మకు గూడ ఇట్లనే ఉండెనా?"

"ఉండె. నలభై రాకముందే అన్ని ఊడినయి. గని ఆమె నారాయణపేటల ఉండె. గక్కడి నీళ్లు వేరు."

"నీళ్లతోని మచ్చలొస్తయమ్మా. ఇది నీళ్లది కాదు."

పాచి అందరి పళ్ల మీదా పడుతుందట. కొన్ని కుటుంబాల్లో పుట్టుకతో వచ్చిన తేడా వల్ల, ఆ పాచి మీద శరీరం చేసే పోరాటం హద్దు మీరి, పళ్లను పట్టి ఉంచే ఎముక కరిగిపోతుందట. ముందే తెలిసి చిగుళ్ల కింద శుభ్రం చేయిస్తూ ఉంటే చాలావరకు ఆపవచ్చట.

తిరుగు బస్సులో ఆపా, "మా అమ్మ పళ్లు ఊడంగ జూసిన. నావి ఊడంగ జూసిన. అయినా నీళ్లే మోసిన" అంది. ముంతాజ్ తల్లి భుజం మీద తల పెట్టుకుంది. నాకు దుఃఖం ఆగలేదు.

ఆ రెండు పళ్లూ పోయాయి, మిగిలినవి డాక్టరమ్మ నిలిపింది. కొన్నేళ్లకు ముంతాజ్‌కు కూతురు పుట్టింది. నేను చూడ్డానికి వెళ్లేసరికి ఆపా పసిదాని పెదవిని వేలితో మెల్లగా ఎత్తి, ఒక్క పన్నూ లేని ఆ చిగుళ్లను చూస్తూ కూర్చుంది. "పళ్లు రాంగనే డాక్టరుకు చూపెట్టుండ్రి. నేనుంటనో లేదో, నువ్వు యాది పెట్టుకో సుజాతా" అంది.

ఆమె ఉండలేదు. పాపకు పళ్లు వచ్చాక నేనే తీసుకెళ్లాను. ఇప్పటికీ ఏ పిల్ల నవ్వినా నా చూపు ముందు చిగుళ్ల మీదికే పోతుంది. నవ్వు ఆ తర్వాతే కనిపిస్తుంది.