ఓణీ చెంగున కట్టిన రొట్టె

నా చిన్నప్పుడు భవానీపూర్‌లోని మా కార్పొరేషన్ క్వార్టర్లలో తెలుగు రెండు చోట్ల గట్టిగా వినిపించేది. కుళాయి దగ్గర తెలుగులో తిట్టుకునేవాళ్ళం, మా క్రైస్తవ ప్రార్థన హాల్లో తెలుగులో పాడుకునేవాళ్ళం. బయటికి, ఆ బెంగాలీ మహానగరంలోకి అడుగుపెడితే అంతా బెంగాలీ, హిందీ. మా తాతయ్య శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రోడ్లు ఊడ్చే పనిలో చేరిన మనిషి. వారమంతా ఖాకీ నిక్కరు, ఆదివారం తెల్ల పంచె. ఆ హాలుకి ఉన్న ముగ్గురు సంఘ పెద్దల్లో ఆయన ఒకరు.

నాకు దేవుడి మీద నమ్మకం లేదు. ఈ మాట ముందే చెప్పడం న్యాయం. అది పోయి చాలా ఏళ్ళయింది. ఎందుకు పోయిందో కావలసినంత రాశాను, సభల్లో వాదించాను. అయినా క్షమించడం గురించి నేను విన్న మొదటి మంచి మాట ఆ హాల్లో విన్నదే. ఎవరు చెప్పిందైనా సరైన మాటని సరైనదని ఒప్పుకోకపోతే హేతువాదినని చెప్పుకోవడంలో అర్థం లేదు.

మా పక్కింటి అక్క వాళ్ళు హిందువులు. అక్క తండ్రి పోయాడు. తల్లి ఉబ్బసంతో ఇల్లు కదలలేకపోయేది. మా హాలు పాస్టరు అయ్యగారి భార్య, మేము అమ్మగారు అని పిలిచే ఆవిడ, మధ్యాహ్నాలు హాల్లో ఉన్న మిషను మీద ఆడపిల్లలకి కుట్టు నేర్పేవారు. అక్క జాకెట్టు కత్తిరించడం దాకా వచ్చింది. అది చేతికి వస్తే పనిలో పెట్టుకుంటానని బజారులో ఒక టైలరు మాటిచ్చాడు. ఆ ఇంటికి ఉన్న ఆశల్లా ఆ కుట్టు మిషను.

ఒకసారి అమ్మగారు కుట్టు నేర్చుకునే పిల్లలందర్నీ ఆదివారం ఆరాధనకి రమ్మన్నారు. అక్క తలంటుకుని, ఉన్నవాటిలో మంచి ఓణీ వేసుకుని వచ్చి మా అమ్మ ముందు చాప మీద కూర్చుంది. ఆవేళ నెలలో మొదటి ఆదివారం. అంటే బల్ల ఉండే రోజు. ఏసు చనిపోయే ముందు శిష్యులతో చేసిన ఆఖరి భోజనానికి గుర్తుగా చిన్న రొట్టె ముక్కలు, కిస్మిస్ నానబెట్టి పిండిన రసం అందరికీ పంచుతారు. అందరికీ అంటే బాప్తిస్మం తీసుకున్న పెద్దలకి. మిగతావాళ్ళు పళ్ళాన్ని పక్కవాళ్ళకి అందించెయ్యాలి. ఈ సంగతి మాలో అందరికీ తెలుసు కనుక ఎవరూ ఎప్పుడూ పైకి చెప్పేవారు కాదు.

తాతయ్య రొట్టె పళ్ళెం ఆడవాళ్ళ వరసకి అందించారు. అది అక్క దగ్గరికి వచ్చింది. అక్క కుడిచేతి కింద ఎడమచెయ్యి ఆనించి ఒక ముక్క తీసుకుని కళ్ళకద్దుకుంది. దాన్ని తుంచి సగం నోట్లో వేసుకుని, వేళ్ళు తలకి రాసుకుంది. మిగిలిన సగం ఓణీ చెంగున కట్టుకుంది. గుడికి వెళ్ళిన మనిషి ఒట్టి చేతులతో ఇంటికి వస్తే ఆమె తల్లి ఊరుకునేది కాదు.

వెనక కూర్చున్నవాళ్ళు ఇదంతా చూశారు. ఆరాధన అయ్యేసరికి మాట గుమ్మం దాకా పాకింది. గుమ్మంలో ఇంకో సంఘ పెద్ద, బడ్జ్ బడ్జ్ అనే ఊరి నుంచి వచ్చే పెద్దాయన, అడ్డంగా నిలబడ్డారు. ఆయన జనపనార మిల్లులో పని చేసి, ఆదివారం పొద్దున్నే రైలెక్కి వచ్చేవారు. మడి కట్టుకున్న వాళ్ళకంటే పట్టింపు ఎక్కువ.

"ఏటే గుంటా, సెంగులో ఏటది?"

"పెసాదం తాతా. మాయమ్మకి."

"పెసాదవా! ఓలమ్మో, ప్రభువు శరీరాన్ని మూటగట్టీసింది!"

ముడి విప్పించి ఆ ముక్కని బల్ల మీద పెట్టించారు. దాని చుట్టూ అయ్యగారు, ముగ్గురు పెద్దలు కూర్చున్నారు. అక్క గోడకి ఆనుకుని నిలబడింది. నేను తాతయ్య చెయ్యి వదల్లేదు, నన్ను పొమ్మనాలని ఎవరికీ తోచలేదు.

అర్హత లేకుండా తిన్నవాళ్ళ మీదికి శిక్ష వస్తుందని వాక్యంలో ఉందని, ఇకమీదట ఆ పిల్ల హాల్లో కాలు పెట్టకూడదని, మిషను దగ్గరికి కూడా రాకూడదని బడ్జ్ బడ్జ్ పెద్దాయన తేల్చేశారు. మూడో పెద్దాయన రేవులో పనిచేసేవారు, మెత్తని మనిషి. "తెలీక సేసింది బావా. సెమించీద్దాం. ఒచ్చీ ఆదివారం అందరి ముందు నిలబడి తప్పయిపోనాదని సెప్పీమను" అన్నారు. అది దయ అనే ఆయన అనుకున్నారు. కానీ కూతుర్ని నలుగురిలో నిలబెట్టారని తెలిస్తే ఆ తల్లి ఇక దాన్ని ఆ గుమ్మం తొక్కనివ్వదు. శిక్ష వేసినా, క్షమించినా, అక్కకి మిషను పోయినట్టే. ఆ పిల్ల మొహం చూస్తే నాకే అర్థమైంది.

మా తాతయ్య ఇద్దరికీ అడ్డు చెప్పలేదు. రొట్టె ముక్క వైపు గడ్డం ఎగరేసి, "సరే బావా. ముందు దీన్నేటి సెయ్యాలో సెప్పండి" అన్నారు.

"బాప్తిస్మం ఉన్నోడు తినీయాల" అన్నారు బడ్జ్ బడ్జ్ పెద్దాయన.

"వొట్టి రొట్టి ముక్కే కాదా, కాకికి ఏసీయ్" అన్నారు రేవు పెద్దాయన.

"కాకికా! ప్రభువు శరీరం కాకికా!"

"గుర్తు బావా, అది గుర్తు! నిన్న సాయంత్రం బేకరీలో కొన్నది నానే కాదా?"

"గుర్తయితే నీ మనవడికి జొరం ఒచ్చినపుడు ముక్క మడతెట్టి ఇంటికెందుకు పట్టుకెళ్ళినావు? గుర్తుకి జొరం తగ్గుతాదా?"

రేవు పెద్దాయన మొహం కందిపోయింది. "అది అయ్యగార్ని అడిగే పట్టుకెళ్ళినాను" అని గొణిగారు. అందరూ అయ్యగారి వైపు చూశారు. ఆయన ఒకసారి దగ్గి, ఇంకొకసారి దగ్గి, ముక్క తీసి నోట్లో వేసుకుని నమిలేశారు.

"అయ్యో, మాయమ్మదీ!" అంది అక్క.

తాతయ్య నవ్వు ఆపుకోలేకపోయారు. నవ్వు తగ్గాక మెల్లిగా అన్నారు: "ఇన్నేళ్ళ బట్టీ తింటన్నాం. ఏటి తింటన్నామో మనలో మనకే పొంతన నేదు. ఇయ్యాలొచ్చిన గుంటకి తెలిసుండాలా?"

చివరికి రేవు పెద్దాయన, "సర్లే, సెమించీసినాం. ఇంటికి పో అమ్మా" అన్నారు. అక్కడితో అయిపోవలసింది. అక్క కదల్లేదు.

"నానేటి సేసినానని సెమిస్తారు? పళ్ళెం నా సేతికి మీరే ఇచ్చినారు. తినకూడదని ఒక్కరైనా సెప్పినారా?"

"సూసినావా నోరు!" అని బడ్జ్ బడ్జ్ పెద్దాయన లేవబోయారు. తాతయ్య ఆయన భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, తనే లేచి నిలబడ్డారు. మనవరాలి వయసున్న పిల్ల ముందు, చేతులు కట్టుకుని. "నిజవే తల్లీ, సెప్పనేదు. పళ్ళెం ఇచ్చింది నానే. నువ్వే నన్ను సెమించు" అన్నారు.

బడ్జ్ బడ్జ్ పెద్దాయన ఊరుకోలేదు. తెలియక చేసినవాళ్ళని క్షమించమని ఏసు సిలువ మీద తండ్రిని వేడుకున్నాడే గానీ, వాళ్ళనే క్షమాపణ అడగలేదు కదా అన్నారు. అది నిజంగా గట్టి ప్రశ్నే.

"ఆయన సేతులకి మేకులున్నాయి బావా" అన్నారు తాతయ్య. "దిగొచ్చి ఆళ్ళకి సెప్పడానికి ఈలు నేదు. మనకేటి మేకులు?"

అక్క ఆ పెద్ద మాటని పట్టించుకున్నట్టు లేదు. "మరి మిషను?" అని అడిగింది.

"రేపు రా."

"అయితే సరే" అని వెళ్ళిపోయింది.

ఆ తరవాత నెలనెలా పళ్ళెం కదలకముందే తాతయ్య లేచి, ఇది ఏమిటో, ఎవరు తీసుకోవాలో, మిగతావాళ్ళు సిగ్గుపడకుండా పక్కకి ఎలా అందించవచ్చో రెండు మాటల్లో చెప్పేవారు. విసుక్కున్నవాళ్ళు విసుక్కున్నారు. అక్క ఆదివారాలు మళ్ళీ రాలేదు. మిషను దగ్గరికి మాత్రం ఒక్క రోజూ మానలేదు, జాకెట్లు నేర్చుకుంది, టైలరు దగ్గర చేరింది. ఆమె క్రైస్తవురాలు కాలేదు. కొంతకాలానికి నేనూ ఆ హాలుకి వెళ్ళడం మానేశాను. తాతయ్య నన్ను ఎందుకని అడిగారు, నేను చెప్పినదంతా విన్నారు, మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

తెలియక తప్పు చేసినవాణ్ణి క్షమించడం గొప్ప గుణమని క్రైస్తవం చెబుతుంది. నేను సగమే ఒప్పుకుంటాను. క్షమించేవాడు ఎప్పుడూ ఒక మెట్టు పైన నిలబడి ఉంటాడు, అక్కడి నుంచి కిందికి చూడటం వాడికి హాయిగా ఉంటుంది. తెలిసీ చెప్పకుండా కూర్చున్న తన తప్పు ఆ హాయిలో కనిపించదు. మా తాతయ్య ఆ మెట్టు దిగారు. నమ్మకం వల్లనే దిగారు, నేను ఆ నమ్మకాన్ని ఒప్పుకోకపోయినా ఆ దిగడాన్ని ఒప్పుకుంటాను.

ఇప్పుడు న్యూ టౌన్‌లో నా దగ్గరికి తెలుగు కుర్రాళ్ళు వస్తూ ఉంటారు. చదువుకున్నవాళ్ళు, మంచి ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు. జ్వరమొచ్చిన బిడ్డకి తాయెత్తు కట్టించిన పనిమనిషి గురించి "పాపం, ఆమెకి తెలియదు, వదిలెయ్యండి" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. వదిలేస్తే పోయేది ఆ బిడ్డ ప్రాణం. తెలిసి మోసం చేసి తాయెత్తు అమ్మేవాడి మీద నా కోపం ఈ వయసులోనూ తగ్గలేదు, తగ్గించుకోను. కట్టించిన మనిషి ఎదురైతే మాత్రం ముందు కూర్చోమంటాను. నాకు తెలిసింది, ఆమెకి అర్థమయ్యే మాటల్లో చెబుతాను. ఇంతకాలం ఎందుకు చెప్పలేదని ఆమె అడిగితే, అడిగే హక్కు ఆమెకి ఉందనుకుంటాను. అంతా విన్నాక కూడా తప్పే చేస్తే అప్పుడు క్షమించాలా వద్దా అని ఆలోచించవచ్చు. అంతదాకా వెళ్ళవలసిన అవసరం నాకు చాలా తక్కువసార్లే వచ్చింది.