సర్టిఫికెట్ లేని బ్యాంకు

బ్యాంకుల మీద నా కోపం పాతదే. దానికి చేతిలో ఆధారం దొరికింది మాత్రం ఒక గురువారం పొద్దున, పది గంటలప్పుడు, ప్రొద్దుటూరులో మా ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు.

ముందు అక్క సంగతి చెప్పాలి. అక్కది కొండాపురం దగ్గరి పల్లె. ఆ పల్లె ఇప్పుడు గండికోట జలాశయం నీళ్ల కింద ఉంది. ఊరికి బదులు కాలనీలో స్థలం చూపించారు, ఇంటికి పరిహారం ఇచ్చారు. అక్క సంతకం ఒకసారి ఉన్నట్టు ఇంకోసారి ఉండదు కాబట్టి ఆ డబ్బును జమ్మలమడుగు బ్యాంకులో ఆమె పేరూ నా పేరూ కలిపి, ఎవరు సంతకం పెట్టినా చెల్లేలా వేయించాం. ఆ డబ్బుతో కాలనీలో గోడలు లేచాయి. స్లాబు సోమవారం వేయాలి. సెంట్రింగు రేకులు బిగించారు, కమ్మీ కట్టారు. ఆ సోమవారం తప్పితే మేస్త్రీ వేరే పని ఒప్పుకొని ఉన్నాడు, మళ్లీ నెల దాటితే గానీ రాడు. అన్నాళ్లూ అక్క రేకుల షెడ్డులోనే ఉండాలి. వానలు మొదలయ్యే రోజులు. ఆ షెడ్డులో ఆమె మంచం ఏ మూలకు జరిపినా కారే చోటే.

సిమెంటు ఎర్రగుంట్ల నుంచి రావాలి. డీలరుకు ఫోన్ చేశాను.

"పెద్దాయనా, నీ మాట మీద నాకు నమ్మకం ఉండాది. సిమెంటు మాత్రం మాట మీద లోడ్ కాదు. శనివారం లోపల నా ఖాతాలో పడితే ఆదివారం పొద్దున్నే లారీ కదుల్తాది" అన్నాడు.

అందుకోసమే కేబుల్ వాళ్లను పిలిచి ఇంటికి నెట్ పెట్టించాను. అప్పటిదాకా మా కంప్యూటరుకు బయటి ప్రపంచంతో పని లేదు. నేను అర్జీలు రాసేవాడిని. నలభై ఏళ్లు తాలూకా కచేరీ ముందు చెక్క బల్ల వేసుకుని చేత్తో రాశాను. చూపు తగ్గాక, ఎవరో వాడేసిన ఈ కంప్యూటర్ కొని తెలుగు టైపు చేసుకుంటున్నాను. బడిలో అయిదో తరగతి దాటలేదు. ఇంగ్లీషు నేర్చుకున్నది కచేరీ గోడలకు అంటించిన నోటీసుల నుంచి, ఒక రిటైర్డు గుమాస్తా పారేయబోయిన నిఘంటువు నుంచి. అందులో చివరి పేజీలు చెదలు తిన్నాయి, కాబట్టి చివరి అక్షరాల మాటలు తప్ప మిగిలినవి నాకు బాగానే వచ్చు.

ఇంట్లోంచే డబ్బు పంపుకోవచ్చని బ్యాంకు పోస్టులో పంపిన కవరు చించి, అందులోని అడ్రసు కొట్టాను. తెర మీద బ్యాంకు రాలేదు. ఎర్ర గుర్తు ఒకటి వచ్చి, ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు వచ్చాయి. నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. ఈ సైటు సర్టిఫికెట్ ఇంకా అమల్లోకి రాలేదు, దీన్ని నమ్మడానికి లేదు, వెనక్కి పొండి. అదీ దాని సారాంశం.

మరొకరైతే భయపడేవారేమో. నాకు మాత్రం ఒళ్లు మండింది. సర్టిఫికెట్ అంటే నాకు చెప్పక్కర్లేదు. కులం, ఆదాయం, నివాసం, వారసత్వం, ఎన్ని వందల సర్టిఫికెట్లకు అర్జీలు రాశానో. ఒకసారి ఒక గుమాస్తా ఎవరో రైతుకు వచ్చే నెల తేదీ వేసిన సర్టిఫికెట్ చేతిలో పెట్టాడు. దాన్ని నేను తాసిల్దారు ముందుకు తీసుకుపోయి, తేదీ రాని కాగితం చెల్లదయ్యా అని నిలబడి వాదించి, అప్పటికప్పుడే మార్పించాను. ఆ గుమాస్తా తర్వాత చాలా కాలం నా బల్ల ముందు నుంచి పోకుండా చుట్టూ తిరిగి పోయేవాడు. అలాంటి నాకు, ఇంత పెద్ద బ్యాంకు అమల్లోకి రాని సర్టిఫికెట్ పెట్టుకుని దుకాణం తెరిచిందని తెలిస్తే ఎలా ఉంటుంది?

హెల్ప్‌లైనుకు ఫోన్ చేశాను. అరగంట సంగీతం వినిపించాక ఒక అమ్మాయి వచ్చింది.

"అమ్మా, మీ సర్టిఫికెట్ అమల్లోకి రాలేదని రాసుంది" అన్నాను.

"సార్, కుకీస్, కాష్ క్లియర్ చేశారా?"

"యాడుంటాయి అవి?"

ఎక్కడుంటాయో చెప్పింది. తీసేశాను. ఇల్లు ఊడ్చినట్టు మూడుసార్లు ఊడ్చాను. ఎర్ర గుర్తు అక్కడే ఉంది.

"సార్, బ్రౌజర్ అప్‌డేట్ చేశారా?"

"నేను బ్రౌజర్ సంగతి అడగలేదు తల్లీ. మీ సర్టిఫికెట్ సంగతి అడిగినా."

"వేరే బ్రౌజర్‌లో ట్రై చేయండి సార్. ఇంకేమైనా సహాయం కావాలా?"

"ఇంకేమైనా అంటాండావే, ఇంతకుముందు చేసిన సహాయం ఏంది?"

ఫోన్ పెట్టేసింది. వెంటనే మెసేజి వచ్చింది, మా సేవకు అయిదులో ఎన్ని మార్కులు ఇస్తారని.

శుక్రవారం పొద్దున్నే జమ్మలమడుగు బస్సెక్కాను. బ్యాంకులో నాకంటే ముందు ఇరవై మంది ఉన్నారు. అందరూ కౌంటరు వైపు చూస్తున్నారు, కౌంటరులో వాళ్లు తెర వైపు చూస్తున్నారు. ఏమైందని పక్కన కూర్చున్నాయన్ని అడిగాను.

"సర్వర్ డౌన్ అంట మామా."

"ఎప్పటి నుంచి?"

"నేనొచ్చినప్పటి నుంచి."

ఆ మాట విన్నాక ఎవరూ రెండో మాట అడగరు. నేను అడిగాను. లోపల అద్దాల గదిలో కూర్చున్న ఆఫీసరు దగ్గరికి పోయాను. కోస్తా నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చిన మనిషి, మర్యాదస్తుడు.

"కూర్చోండి బాబాయి గారూ. ఏమిటండి ప్రాబ్లెము?"

"ప్రాబ్లెం నాది కాదు సార్, మీదే. మీ బ్యాంకుకు చెల్లే సర్టిఫికెట్ లేదు." నిఘంటువు చూసి రాసుకొచ్చిన కాగితం ముందు పెట్టాను.

ఆయన చదివి, కాగితం తిప్పి వెనక కూడా చూశాడు. "అందరికీ బానే వస్తోందండి. మీ సిస్టమ్‌లో వైరస్ ఉందేమో చూపించుకోండి."

"అందరికీ వస్తే చెల్లినట్టేనా? మా కచేరీలో దొంగ సర్టిఫికెట్లు శానా మందికి చెల్లినాయి, నాలుగేండ్ల తర్వాత ఉద్యోగాలు పోయినాయి."

"అంత మాటనకండి."

"పోనీలెండి. మీ చేత్తోనే ఆ దుడ్లు ఎర్రగుంట్లకు పంపించండి."

"పంపొచ్చండి, ఫారమ్ నింపితే అయిదు నిమిషాల పని. సర్వర్ రావాలి అంతే."

మూడున్నర దాకా కూర్చున్నాను. సర్వర్ రాలేదు. మర్నాడు రెండో శనివారం, ఆ తర్వాత ఆదివారం. బ్యాంకు తెరిచేటప్పటికి కాలనీలో కూలీలు తట్టలు పట్టుకుని నిలబడి ఉంటారు. మెట్లు దిగుతుంటే అక్క ఫోన్ చేసింది.

"తమ్ముడా, మేస్త్రీ అడుగుతాండాడు. సిమెంటు వస్తాదా, రాదా? రాదంటే మనుషులను ఇప్పుడే వేరే పనికి పంపిస్తాడంట."

"వస్తాదని చెప్పు" అన్నాను. అంత గట్టిగా ఎలా అన్నానో నాకే తెలియదు.

సాయంత్రం ఇంటికి వచ్చి అర్జీ మొదలుపెట్టాను, బ్యాంకు పెద్దలకు. పదకొండు పేజీలు వచ్చింది. నా జన్మలో అంతటి అర్జీ రాయలేదని ఇప్పటికీ అంటాను. తాసిల్దారు ముందు ఆ గుమాస్తా తల వంచుకున్న సంగతి దగ్గర మొదలుపెట్టి, చెల్లని సర్టిఫికెట్‌తో ప్రజల సొమ్ము తాకడం ఎలాంటి నేరమో మెట్టు మెట్టుగా నిరూపించాను. అచ్చు తీద్దామంటే ప్రింటరులో సిరా అయిపోయింది.

వైరస్ అన్న మాట మాత్రం లోపల గుచ్చుకుంటూనే ఉంది. ఈ కంప్యూటర్ నాకు అమ్మిన మనిషి అప్పట్లో ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధిలో ఉండేవాడు, ఇప్పుడు పులివెందుల బస్టాండు దగ్గర కొట్టు పెట్టుకున్నాడు. శనివారం పొద్దున ఆ పెట్టెను పాత దుప్పటిలో మూట కట్టి, బస్సులో కిటికీ పక్క సీటులో కూర్చోబెట్టాను.

"ఏంది పెద్దాయనా మూటలో?" అన్నాడు కండక్టరు.

"కంప్యూటరు."

"సీటు పట్టినాది కాబట్టి టికెట్టు కొట్టాల. వయసెంత దానికి?"

"ఏడేండ్లు."

"అయితే ఆఫ్ టికెట్టు" అన్నాడు, నవ్వకుండానే. డబ్బు మాత్రం నిజంగానే తీసుకున్నాడు.

కొట్టులో ఆ మనిషి నన్ను గుర్తుపట్టి టీ తెప్పించాడు. తీగలు తగిలించి, తన ఫోన్ నుంచి నెట్ ఇచ్చాడు. ఎర్ర గుర్తు వచ్చింది. నేను బ్యాంకు నేరం చెప్పడం మొదలుపెట్టాను. అతను వినలేదు, తెర కింద కుడి మూల వైపు చూస్తున్నాడు.

"మామా, ఈ పెట్టెలో ఏ యేడు నడుస్తాండాది?"

ఇక్కడ నేను దాచకుండా చెప్పుకోవాల్సింది ఒకటుంది. తెలుగు టైపు చేసే ఆ సాఫ్ట్‌వేర్ కొన్నది కాదు. ముప్పై రోజులు ఊరికే వాడుకోమని ఇచ్చే రకం. ముప్పై రోజులు నిండే ముందు కంప్యూటరులో తేదీని మళ్లీ ఒకటికి తిప్పేస్తే, దానికి రోజులు గడిచాయని తెలియదు. ఈ ఉపాయం నేర్పింది ఈ మనిషే. గంటలు నిమిషాలు ముట్టుకోనక్కర్లేదు, తేదీ ఒక్కటి చాలు. నాలుగేళ్లుగా నెలకొకసారి, ఇంటి గడియారానికి కీ ఇచ్చినంత శ్రద్ధగా, తేదీని వెనక్కి తిప్పుతూ వచ్చాను. మా కంప్యూటరుకు నాలుగేళ్లుగా ఒకే డిసెంబరు. అది ఎండాకాలం చూడలేదు. బ్యాంకు సర్టిఫికెట్ ఈ సంవత్సరం ఇచ్చినది. ఆ డిసెంబరులో కూర్చుని చూస్తే అది నాలుగేళ్ల తర్వాత పుట్టబోయే కాగితం. తేదీ రాని కాగితం చెల్లదని నేను తాసిల్దారుతో వాదించిన మాటనే నా పెట్టె బ్యాంకుతో వాదిస్తోంది. నా దగ్గర ఉండి అది నేర్చుకున్నది అదొక్కటే.

"నువ్వే కదప్పా తిప్పమంటివి?" అన్నాను.

"నెట్ లేనప్పుడు చెప్పినా మామా. ఇంక నాలుగేండ్లు ఇట్లనే తిప్పుతాండావని నాకేం తెలుసు? అందరూ రెండు నెలలకు విసుగొచ్చి దుడ్లు కట్టి కొంటారు."

తేదీ సరిచేశాడు. బ్యాంకు తలుపు మర్యాదగా తెరుచుకుంది. నా బటన్ ఫోనుకు ఓటీపీ నంబరు వచ్చింది, కొట్టాను. పది నిమిషాల్లో డీలరు ఫోన్ చేసి "పడినాయి" అన్నాడు. ఒకే మాట. అక్కకు చెప్పి ఫోన్ పెట్టేసరికి టీ చల్లారిపోయింది.

అప్పుడు అర్జీ గుర్తొచ్చి, అతని ప్రింటరులో అచ్చు తీద్దామని తెరవబోయాను. గడువు ముగిసింది, కొనండి అని వచ్చింది.

"రెండూ కావాలంటే కుదరదు మామా" అన్నాడు ఆ మనిషి. "బ్యాంకు కావాలంటే ఈ యేడులో ఉండాల. అర్జీ కావాలంటే ఆ డిసెంబరుకు పోవాల. తిప్పమంటావా?"

వద్దన్నాను. ఆ పదకొండు పేజీలు ఇప్పటికీ అక్కడే, ఆ డిసెంబరులోనే ఉన్నాయి. నా తప్పు ఒప్పుకుంటాను. కానీ హెల్ప్‌లైను అమ్మాయి గానీ, అద్దాల గది ఆఫీసరు గానీ, మీ కంప్యూటరులో ఈరోజు ఏ తేదీ ఉందని ఒక్కమాట అడిగి ఉంటే నాకు పులివెందుల బస్సు తప్పేది, ఆ ఆఫ్ టికెట్టూ తప్పేది. కుకీలు ఊడ్చమనడానికి నోరొచ్చింది గానీ, ఏ కచేరీలో అయినా మొదట అడిగే ప్రశ్న మాత్రం ఎవరికీ రాలేదు.

సోమవారం కాలనీలో మిక్సరు తిరుగుతోంది. కూలీలు వరసగా నిలబడి తట్టలు పైకి అందిస్తున్నారు. మేస్త్రీ పైన కర్రతో కాంక్రీటు సదురుతున్నాడు. అక్క కిందే నిలబడి, ఒక్కో తట్టనూ కళ్లతో పైదాకా పంపిస్తోంది. నన్ను చూసి దగ్గరికి వచ్చింది.

"మూడు దినాలు తిప్పలు పెట్టిరి కదరా. ఏంది వాళ్ల రోగం, ఏమన్నా చెప్పినారా?"

పక్కనే మేస్త్రీ మనుషులు ఇద్దరు వింటున్నారు. నలభై ఏళ్లు ఊరందరికీ కాగితాలు సరిచేసిన తమ్ముణ్ని నేను.

"సర్వర్ డౌన్ అక్కా" అన్నాను.

అక్క తల ఊపి మళ్లీ స్లాబు వైపు తిరిగింది. రెండో మాట అడగలేదు.